రెండున్నర అంగుళాలు

మా బడిలో టీచర్లందరికీ ఏడాదికోసారి ఆరోగ్య పరీక్షలు చేయిస్తారు. ఆబిడ్స్‌లో ఉన్న ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌తో బడికి ఒప్పందం. ఆ ఏడు మాత్రం టీచర్‌తో పాటు ఇంట్లో పెద్దవాళ్ళలో ఒకరికి కూడా చేస్తామన్నారు. మా ఇంట్లో పెద్దవాళ్ళంటే అమ్మ ఒక్కతే.

అమ్మకి అప్పటికి డెబ్భై రెండు. నాకు యాభై దగ్గర పడుతోంది. నేను పెళ్ళి చేసుకోలేదు. నాన్న పోయాక మేమిద్దరమే నాంపల్లిలో, స్టేషన్‌కి దగ్గర సందులో, రెండో అంతస్తులో ఉంటున్నాం. లిఫ్టు లేదు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో తాతయ్య గుమాస్తా ఉద్యోగం మీద తెనాలి వైపు నుంచి ఈ ఊరొచ్చాడు. ఆ ఇంటికి కోడలై వచ్చింది అమ్మ. వచ్చి యాభై ఏళ్ళు దాటినా ఆమె మాట మాత్రం కృష్ణ దాటి ఇవతలికి రాలేదు.

"నాకేం రోగం ఉందని పరీక్షలు? లేనిపోనివి బయటపెట్టుకోడానికా?" అంది.

పరీక్షలయ్యాక ఆబిడ్స్‌లో ఇడ్లీ పెట్టిస్తానని బతిమాలి తీసుకెళ్ళాను. రక్తం పరగడుపున ఇవ్వాలి కాబట్టి ఆ ఇడ్లీ మాట బాగానే పనిచేసింది.

రక్తం తీశాక బరువు, ఎత్తు చూసే నర్సు దగ్గరికి పంపారు. నలభై ఏళ్ళావిడ, నెమ్మదస్తురాలు.

"అమ్మా, చెప్పులిడిచి గీడ నిలబడున్రి. మడిమలు గోడకు ఆనియ్యున్రి."

"ఐదడుగుల ఒక అంగుళం రాసుకోమ్మా" అంది అమ్మ, చెప్పులు విప్పకుండానే.

"రాసుకునుడు కాదమ్మా, కొలవాలె."

అమ్మ నిలబడింది. నర్సు పైనుంచి పలక దించి అమ్మ తలకి ఆనించి చూసి, "నాలుగడుగుల పదిన్నర" అంది.

"అదేం కొలత? మళ్ళీ చూడు తల్లీ. నేను మా ఆయన భుజం దాటి ఉండేదాన్ని."

ఆవిడ విసుక్కోకుండా మళ్ళీ కొలిచింది. అంతే వచ్చింది. అమ్మ ముఖం చూసి నన్ను కూడా నిలబెట్టి కొలిచింది. నా ఎత్తు ఏటా రాసేదే, అందులో తేడా లేదు.

"మిషన్ మంచిగనే ఉందమ్మా. మీరే జర తగ్గిన్రు."

"ముసలితనంలో తగ్గనిదేముందిలే" అని నవ్వింది అమ్మ. నేనూ నవ్వాను. ఇంటికెళ్ళాక కింది ఇంటావిడకి చెప్పుకుని నవ్వుకోవచ్చు అనుకున్నాను కూడా.

రిపోర్టులు వచ్చాక డాక్టర్ దగ్గర కూర్చున్నాం. అరవై ఏళ్ళ పెద్దావిడ. షుగర్ లేదు, బీపీ కొంచెం ఉంది, కొలెస్టరాల్ పరవాలేదు. ఒక్కో కాగితం తిప్పుతూ వచ్చి ఎత్తు రాసిన కాగితం దగ్గర ఆగింది.

"ఇదివరకు ఎంత ఉండేవారమ్మా?"

"ఐదూ ఒకటి."

"ముట్లు ఎన్నేళ్ళకి ఆగాయి?"

అమ్మ నా వైపు చూసింది. ఆ మాట నా ఎదుట ఎప్పుడూ మాట్లాడలేదు. తరవాత నెమ్మదిగా చెప్పింది. "ముప్పై ఆరేళ్ళకి ఆపరేషన్ చేశారండీ."

"గర్భసంచి ఒకటే తీశారా, అండాశయాలు కూడా తీశారా?"

"అవన్నీ మాకేం తెలుసండీ? మొత్తం తీసేశాం, ఇక ఏ బాధా ఉండదన్నారు."

ఆ ఆపరేషన్ నాకు గుర్తుంది. నేను ఎనిమిదో తరగతి. కాచిగూడలో ఒక నర్సింగ్‌హోమ్. అమ్మ ఇంటికొచ్చాక మా వరస ఇళ్ళలోని ఆడవాళ్ళంతా చూడ్డానికొచ్చి, పీడ వదిలింది, హాయిగా ఉండు అని చెప్పి వెళ్ళారు. వాళ్ళలో సగం మందికి అప్పటికే ఆ ఆపరేషన్ అయింది. ఆ రోజుల్లో అదొక మామూలు సంగతి.

"అప్పటినుంచి ఒక్కసారైనా ఎముకల సాంద్రత పరీక్ష చేయించారా?"

ఈ ప్రశ్న డాక్టర్ నన్ను అడిగింది. షుగర్ ప్రతి ఆరునెల్లకీ చూపిస్తున్నామనీ, కంటి ఆపరేషన్ చేయించామనీ, గుండెకి కూడా ఒకసారి చూపించామనీ చెప్పుకుంటూ పోయాను. అడిగింది అవేవీ కావు. నా గొంతు నాకే హోంవర్కు చెయ్యని పిల్ల గొంతులా వినిపించింది.

"మీ తప్పని అనట్లేదు" అంది ఆవిడ. "ఎవరూ అడగరు. అరవై ఐదు దాటిన ఆడవాళ్ళందరికీ చెయ్యాలి, అంత చిన్న వయసులో ఆపరేషన్ అయినవాళ్ళకి ఇంకా ముందే చెయ్యాలి. ఎముకలు గుల్లబారడం నొప్పి పెట్టే జబ్బు కాదు కదా, విరిగేదాకా ఎవరికీ తెలీదు." స్కాన్, వెన్నెముకకి ఎక్స్‌రే రాసింది.

తరవాతి శనివారం మళ్ళీ వెళ్ళాం. స్కాన్ అంటే అమ్మ సొరంగంలాంటి మిషన్ అనుకుని భయపడింది. చూస్తే మామూలు బల్ల. దాని మీద పడుకోబెడితే పైన ఒక కమ్మీ అటునుంచి ఇటు మెల్లగా జరిగింది. పది నిమిషాల్లో అయిపోయింది. "ఇంతేనా? దీనికా ఇంత హడావుడి?" అని బయటికొచ్చి చీర సర్దుకుంది.

ఎక్స్‌రే ఫిల్మ్‌ని డాక్టర్ లైటు పెట్టె మీద పెట్టి నన్ను దగ్గరికి పిలిచింది.

"వెన్నుపూసలు చూడండి, ఒకదాని మీద ఒకటి ఇటికల్లాగా ఉన్నాయి కదా. ఈ రెండూ చూడండి. ముందువైపు నొక్కుకుపోయాయి. తలుపు కదలకుండా కింద పెట్టే చెక్క ఉంటుందే, ఆ ఆకారంలో. ఇవి రెండూ పాత విరుగుళ్ళు. అందుకే ఎత్తు తగ్గింది." అమ్మ వైపు తిరిగి, "ఎప్పుడు పడ్డారమ్మా?" అంది.

"నేనెప్పుడూ పడలేదండీ."

"బరువేమైనా ఎత్తారా? నడుం పట్టేసి, లేవలేక, కొన్నాళ్ళు మంచం మీద ఉన్నారా?"

"ఏమోనండీ. గుర్తులేదు."

నాకు గుర్తుంది.

అంతకు మూడేళ్ళ ముందు ఎండాకాలం. పదో తరగతి పేపర్లు దిద్దే పని మీద రోజూ చాదర్‌ఘాట్ అవతల ఒక బడికి వెళ్ళేదాన్ని. ఒక రోజు పొద్దున నేను చెప్పులేసుకుంటూ ఉండగా అమ్మ మేడ మీద నుంచి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. తడి దుప్పట్లున్న బకెట్ ఎత్తబోయిందట. "నడుంలో ఏదో చిటుక్కుమందే" అంది. "ఈ వయసులో అవన్నీ ఉంటాయమ్మా, బామ్ రాసుకో" అని మెట్లు దిగి వెళ్ళిపోయాను. సాయంత్రం వచ్చేసరికి వంట చేసి ఉంది. ఒక చేత్తో స్టవ్ గట్టు పట్టుకుని రెండో చేత్తో చేసిందట.

ఆ తరవాత పది రోజులు ఆమె చెక్క కుర్చీలో కూర్చునే నిద్రపోయింది. పడుకుంటే లేవలేకపోతోంది. నేను నొప్పి మాత్రలు తెచ్చిచ్చాను. పదకొండో రోజు నాకు విసుగొచ్చింది. ఎండలో రోజుకి నలభై పేపర్లు దిద్ది వచ్చిన విసుగు. "కూర్చుంటే నొప్పెలా పోతుందమ్మా? లేచి నాలుగడుగులు వెయ్యి. నీకు అన్నిటికీ భయమే" అన్నాను. మర్నాడు పొద్దున అమ్మ గోడ పట్టుకుని వరండా ఈ చివరనుంచి ఆ చివరకి నడిచింది. ఒకసారి కాదు, నాలుగుసార్లు. నేను కాఫీ తాగుతూ చూశాను. "చూశావా? ఏమైంది ఇప్పుడు?" అన్నాను కూడా.

విరిగిన వెన్నుపూసతో నడిచింది ఆమె. నేను నడిపించాను.

ఇంటికి ఆటోలో వచ్చాం. ఆబిడ్స్ నుంచి నాంపల్లి ఎంత దూరం? ఆ రోజు మాత్రం ప్రతి గుంతా నా వెన్నులోనే దిగినట్టు అనిపించింది. "భయ్యా, కొంచెం మెల్లగా" అన్నాను రెండుసార్లు.

"మెల్లగనే పోతున్న మేడం. రోడ్డే గట్లున్నది" అన్నాడతను. నిజమే, అతను మాత్రం ఏం చేస్తాడు?

స్టేషన్ మలుపు దగ్గర ఆటో ఆగింది. అమ్మ బయటికి చూస్తూ, "ఆ బకెట్ అప్పుడేనేమో కదే" అంది.

"డాక్టర్‌తో గుర్తులేదన్నావు కదమ్మా" అన్నాను.

"నువ్వు పక్కనుండగా ఏం చెప్పను?" అంది.

అంతకుమించి ఆ సంగతి ఆమె ఎప్పుడూ ఎత్తలేదు. ఒక్కమాట అని ఉంటే నేను క్షమించమని అడిగేదాన్ని. అననివాళ్ళని ఏమని అడగాలో నాకు తెలియలేదు. ఒకసారి ప్రయత్నించాను. "అప్పుడు నేను..." అని మొదలుపెడితే, "కందిపప్పు అయిపోయింది, రాసుకో" అని మాట మార్చింది.

స్కాన్ రిపోర్టు మంచిది కాదు. తుంటి, నడుం రెండుచోట్లా ఎముక బాగా పల్చబడిందని డాక్టర్ చెప్పింది. వారానికోసారి వేసుకునే మాత్ర ఇచ్చింది. పరగడుపున నిండు గ్లాసు నీళ్ళతో మింగాలి, అరగంటసేపు పడుకోకూడదు. అమ్మకి ఆ మాత్రతో గుండెల్లో మంట మొదలైంది. మూడు ఆదివారాలు ఓర్చుకుంది. నాలుగో ఆదివారం మాత్ర వేసుకుని మధ్యాహ్నం దాకా ఏమీ తినలేకపోయింది. డాక్టర్ ఆ మాత్ర ఆపేసి, ఏడాదికోసారి సెలైన్‌లో ఎక్కించే ఇంజెక్షన్ ఇద్దామంది. అయితే ముందు పళ్ళ డాక్టర్‌కి చూపించాలి, పళ్ళు పీకాల్సి ఉంటే ముందే పీకించాలి, ఇంజెక్షన్ అయ్యాక పీకితే దవడ మానకపోవచ్చు అని చెప్పింది. గన్‌ఫౌండ్రీలో పళ్ళ డాక్టర్ చూసి రెండు పళ్ళు తీసెయ్యాలన్నాడు. తీశాడు. పూర్తిగా మానేదాకా ఆగమన్నాడు. రక్తంలో డి విటమిన్ కూడా తక్కువుంది, అదీ ముందు సరిచెయ్యాలి.

అలా ఇంజెక్షన్ వెనక్కి జరిగింది. ఎవరిదీ తప్పు కాదు. ఒక పని చెయ్యాలంటే దాని ముందు ఇంకో పని ఉంది.

ఈలోపు నేను ఇంటిని మార్చేశాను. నేల మీద పట్టాలు, చాపలు తీసేశాను. స్నానాల గదిలో రబ్బరు పట్టా వేశాను, గోడకి పట్టుకోడానికి స్టీలు కడ్డీ బిగించాను. బకెట్లు మార్చి చిన్నవి కొన్నాను. వంగకు, ఎత్తకు, అందుకోకు అని రోజుకి ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. బడిలో పాఠం చెబుతూ కూడా మధ్యలో ఫోన్ చూసుకునేదాన్ని. అమ్మ ఒక రోజు, "నువ్వు నన్ను గాజు బొమ్మని చేసి షోకేసులో పెట్టావే" అంది. నవ్వుతూనే అంది గానీ, ఆ రోజు నుంచి నాకు చెప్పకుండా పనులు చెయ్యడం మొదలుపెట్టింది. నేను ఇంటికొచ్చేసరికి పోపుల డబ్బా పై అరలో ఉండేది. పొద్దున నేను కింద పెట్టి వెళ్ళిన డబ్బా.

వానాకాలంలో ఆమెకి దగ్గు పట్టుకుంది. మామూలు దగ్గే, నాలుగు రోజులైంది. ఆ రోజు బడికి సెలవు. పొద్దున ఎనిమిదింటప్పుడు అమ్మ మంచం అంచున కూర్చుని ఉంది. నేను గోరువెచ్చటి నీళ్ళ గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడ్డాను. ఒక దగ్గు వచ్చింది, లోపలినుంచి తన్నుకొచ్చిన పెద్ద దగ్గు. దాని చివర "హా" అని చిన్న శబ్దం చేసింది. రెండు చేతులతోనూ మంచం అంచుని గట్టిగా పట్టుకుంది. ముఖమంతా చెమట పట్టింది.

"మళ్ళీ చిటుక్కుమందే" అంది.

నేను తీసెయ్యాల్సిన చాపలన్నీ తీసేశాను. కడ్డీ బిగించాను. ఆమె ఎక్కడా జారలేదు, దేన్నీ ఎత్తలేదు. నేను మూరెడు దూరంలో నిలబడి ఉన్నాను. గ్లాసు ఇంకా నా చేతిలోనే ఉంది.

ఈసారి నేను బామ్ మాట ఎత్తలేదు.

ఇప్పుడు ఆమెని రెండంతస్తులు దింపాలి. కింది ఇంటావిడని పిలిచాను. వాళ్ళది తరతరాలుగా ఈ ఊరే. ఆవిడకి అరవై ఆరు. మా అమ్మని పెద్దమ్మా అంటుంది, నన్ను టీచరమ్మా అంటుంది. పైకొచ్చి అమ్మని ఒక్కసారి చూసి, "లేపొద్దు. కుర్చీల కూసోబెట్టి దింపుదాం" అంది. ఇంట్లో ఉన్న ఇద్దరు కొడుకుల్నీ పిలిచింది. వాళ్ళు ప్లాస్టిక్ కుర్చీలో అమ్మని కూర్చోబెట్టి ముందొకరు వెనకొకరు పట్టుకుని దింపారు. మా మెట్లు ఇరుకు, మలుపు దగ్గర కుర్చీని వాల్చక తప్పదు. మెట్టు మెట్టుకీ అమ్మ కళ్ళు మూసుకుంటోంది. నేను ముందు దిగుతూ "అయిపోయింది, అయిపోయింది" అంటున్నాను. అప్పటికి ఇంకా ఒక అంతస్తు ఉంది.

ఎక్స్‌రేలో మూడోది కనిపించింది. నడుముకి బెల్టు, ఆరు వారాలు విశ్రాంతి, నొప్పికి మందులు. డాక్టర్ ఎక్స్‌రేని చూసి నిట్టూర్చింది. "ఇంజెక్షన్ అప్పటికే ఇచ్చి ఉన్నా ఇంత తొందరగా ఆపేదని చెప్పలేనమ్మా" అంది నాతో. నన్ను ఓదార్చడానికి అందో, నిజమే చెప్పిందో నేను అడగలేదు.

నెలన్నర సెలవు పెట్టాను. ఆ నెలన్నరలో అమ్మ దగ్గబోయినప్పుడల్లా నేను ఊపిరి బిగపట్టేదాన్ని. నవ్వించే మాట చెప్పాలన్నా భయమేసేది. తుమ్ము వచ్చేముందు మనిషి ముఖం ఒకలా మారుతుంది కదా, ఆ ముఖం చూసినప్పుడు పరిగెత్తుకెళ్ళి పొట్టకి దిండు ఆనించి పట్టుకునేదాన్ని. అలా పట్టుకోమని డాక్టర్ చెప్పింది. దానివల్ల ఏమైనా లాభం ఉందో లేదో నాకు తెలియదు. చెయ్యడానికి ఒక పని దొరికింది, చేశాను.

చలికాలం వచ్చాక ఇంజెక్షన్ ఎక్కించారు. మర్నాడంతా జ్వరం, ఒళ్ళునొప్పులు. తరవాత తగ్గాయి. "కొత్త విరుగుళ్ళు రావడం దీంతో తగ్గుతుంది" అంది డాక్టర్. "విరిగినవి మాత్రం మళ్ళీ నిలబడవు."

అమ్మ ఇప్పుడు చేతికర్రతో నడుస్తోంది. ముందుకి వంగిపోయింది. ఎదుటివాళ్ళ ముఖం చూడాలంటే తల పైకెత్తాలి. పొట్ట నొక్కుకుపోయి ఒకేసారి ఎక్కువ తినలేదు, అందుకని కొంచెం కొంచెం నాలుగైదుసార్లు పెడతాను. నెలకొకసారి డాక్టర్ దగ్గరికి మాత్రం మెట్లు దిగుతుంది. జాకెట్లన్నీ వెనక పైకి లేచిపోతున్నాయని ఇంట్లో పాత నైటీలే వేసుకుంటోంది. జీవితంలో ఎప్పుడూ పగలు నైటీలో ఎవరికీ కనిపించని మనిషి.

కింది ఇంటావిడ రోజూ సాయంత్రం పైకొచ్చి అమ్మ దగ్గర కూర్చుంటుంది. ఒకరోజు ఆవిడతో అన్నాను. "అక్కా, మీరు కూడా ఒకసారి ఎముకల పరీక్ష చేయించుకోండి. నేనే తీసుకెళ్తాను. పది నిమిషాల పని."

"నాకేమైంది టీచరమ్మా? మంచిగనే ఉన్న. మొన్న బియ్యం సంచి నేనే లోపల పెట్టిన."

"ఏమీ కాకముందే చేయించుకోవాలి అక్కా."

"నొప్పి లేకుంట దవాఖానకు ఎవరు పోతరు? పోతే ఏదో ఒకటి అంటరు. మల్ల అదొక ఫికర్."

"నేనూ ఇట్లాగే అన్నానమ్మా" అంది అమ్మ మంచం మీద నుంచి.

"మీ సంగతి వేరె పెద్దమ్మా. మీకు చిన్నప్పుడే ఆపరేషన్ అయింది గద."

"మరి నీకో?"

"ఔ, నాకు గూడ అయింది. నలభైకి" అంది ఆవిడ, ఏముందన్నట్టు. "స్టవ్ మీద పాలు పెట్టి వచ్చిన" అని లేచి గబగబా మెట్లు దిగిపోయింది. ఆ అడుగుల చప్పుడు వింటూ నేనూ అమ్మా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

అప్పటినుంచి నాలుగుసార్లు అడిగాను. పండగ కానీ అంటుంది, మనవరాలి పరీక్షలు కానీ అంటుంది. పాతికేళ్ళుగా పిల్లలకి పాఠాలు చెబుతున్నాను. ఈ ఒక్క మనిషికి ఈ ఒక్క మాట ఎక్కించడం నా వల్ల కాలేదు.

డాక్టర్ చెబితే నేను కూడా స్కాన్ చేయించుకున్నాను. నాకు కూడా కొంచెం పల్చబడుతోందట. ఇప్పుడే మందులక్కర్లేదు, నడక, ఎండ, పాలు, రెండేళ్ళకి మళ్ళీ పరీక్ష అంది. ఇంటికొస్తే అమ్మ అడిగింది.

"నీకేమన్నారే?"

"బాగానే ఉందన్నారు."

"కాగితం చూపించు."

"బడిలో మర్చిపోయాను."

ఆమె తల పైకెత్తి నా ముఖంలోకి చూసింది. పాలు తాగమని నాకొక గ్లాసు పోసింది. రోజూ పోస్తోంది.

ఆదివారాలు ఆమెకి తలస్నానం నేనే చేయిస్తాను. ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చోబెట్టి వెనకనుంచి నీళ్ళు పోస్తాను. సున్నిపిండి రాసేటప్పుడు ఆ వెన్ను నా చేతికింద ఉంటుంది. మధ్యలో ఒకచోట పొడుచుకొచ్చి ఉంటుంది. అక్కడికి రాగానే నా చెయ్యి దానంతటదే తేలికైపోతుంది.

మొన్న అలాగే రాస్తుంటే అమ్మ అంది. "ఏం రుద్దడమే అది? దుమ్ము దులిపినట్టు. కాస్త గట్టిగా రుద్దు."

"వద్దమ్మా."

"దురదగా ఉందే. వారం నుంచి ఎవరూ గట్టిగా తోమిన పాపాన పోలేదు. ఏమీ కాదులే, రుద్దు."

నేను అరచెయ్యి ఆనించి కొంచెం బరువు పెట్టాను. "ఇంకాస్త" అంది. ఇంకాస్త పెట్టాను. "ఇంకొంచెం." ఎంత పెడితే గట్టిగా రుద్దినట్టో, ఎంత పెడితే ఎక్కువో ఆ చర్మం మీద నుంచి నాకేమీ తెలియడం లేదు. అక్కడే ఆపేసి చెంబుతో నీళ్ళు పోశాను. ఆమె ఇంకా వీపు వెనక్కి జరిపి నా చెయ్యి కోసం చూస్తూనే ఉంది.